నూరేండ్ల దీవెన

పిన్నలు పాదములకు మ్రొక్కినపుడు నిండు నూరేండ్లు వర్ధిల్లుమని దీవించుట మన పెద్దల యాచారము. దీవెన యందఱికి నొక్కటే. మేడలో పుట్టిన బిడ్డకును, పాకలో పుట్టిన బిడ్డకును ఒకే మాట. కాని ఆ దీవెన ఫలించుట మాత్రము అందఱియెడ నొక్కరీతిగ లేదు. నొసట బ్రహ్మ యేమి వ్రాసెనో మే మెఱుగము. బిడ్డ పుట్టిన దేశమును, ఊరును, తల్లి చదువును, తండ్రి రాబడిని బట్టి ఎన్నేండ్లు బ్రతుకుట కవకాశము కలదో లెక్కకట్టి చెప్పు శాస్త్ర మొకటి మాత్రము కలదు. అది చెప్పు మాటలు వినుటకు కొంత గుండెదిటవు కావలయును.

1943వ సంవత్సరమున నాటి బ్రిటిషు ప్రభుత్వము సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతను ఒక ఆరోగ్యవిచారణ సంఘమును నియమించెను. 1946లో ఆ సంఘము సమర్పించిన నివేదికలో నొక చిన్న పట్టిక యున్నది. న్యూజీలండున పుట్టిన మగబిడ్డకు 65 ఏండ్ల యాయుర్దాయమును, ఆడుబిడ్డకు దాదాపు 68 ఏండ్లును ఆశింపవచ్చునని ఆ పట్టిక చెప్పినది. బ్రిటిషిండియాలో పుట్టిన బిడ్డకు, మగవాడైనను ఆడుదైనను, 27 ఏండ్లైనను నిండవని అదే పట్టిక చెప్పినది. 1937వ సంవత్సరమున న్యూజీలండున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో ఏడాది నిండకుండ పోయినవారు 31 మంది. ఇంగ్లండు, వేల్సులలో 58 మంది. మన దేశమున 162 మంది. ఇవన్నియు నొకే సామ్రాజ్యపు గొడుగు క్రింది ప్రజలే. ఒక గొడుగు క్రిందనే కొందఱకు నీడయు, కొందఱకు వానయు నెట్లు కలిగెనో తెలిసికొనుటకు ఆ పట్టికకంటె వేఱు సాక్ష్యమక్కఱలేదు.

నాటినుండి మన మెంతో దూరము నడచితిమనుట నిజము. స్వాతంత్ర్యము వచ్చునాటికి 32 ఏండ్లకు అటునిటుగా నున్న సగటు ఆయుర్దాయము నేడు 70 ఏండ్లకు చేరినది. 1977లో మశూచి మన నేలను విడిచిపోయినదని నిర్ధారణ యయ్యెను. 2014లో పోలియో లేని దేశమని మనకు నిర్ధారణపత్రము లభించినది. శిశుమరణములు 2020 నాటికి వేయింటికి 28కి దిగినవి. ఇది యెవరో దయతలచి యిచ్చినది కాదు. మన వైద్యులు, మన దాదులు, పల్లెపల్లెకు నడచి టీకాలు వేసిన మన యాడపడుచులు సాధించినది. ఐనను బాటసారి తాను నడచిన దూరమును మాత్రమే లెక్కించుకొని చెట్టునీడను కూర్చుండరాదు. తనతో బయలుదేఱినవా రెంతదూరము పోయిరో తల యెత్తి చూడవలయును. నేడు మేము పాఠకుల ముందుంచదలచినది ఆ చూపునే.

దేశములను పోల్చునపుడు కొంత మెలకువ యవసరము. 2000వ సంవత్సరమున ప్రపంచారోగ్యసంస్థవారు 191 దేశముల వైద్యవ్యవస్థలను వరుసగా నిలబెట్టి మార్కులు వేసిరి. ఫ్రాన్సు మొదటిదిగను, అమెరికా 37వదిగను, మన దేశము 112వదిగను తేలినవి. ఆ మార్కులు వేసిన పద్ధతినిగూర్చి పండితులలో పెద్ద వాదము చెలరేగెను. తరువాత ఆ సంస్థ అట్టి వరుసలు కట్టుట మానుకొన్నది. బడిపిల్లలవలె జాతులను బల్లపై నిలబెట్టుటలో మాకును రుచి లేదు. ఏ దేశమునుగూర్చియైనను మేము మూడు ప్రశ్నలను మాత్రమే యడుగుదుము. ప్రజ లెన్నేండ్లు బ్రతుకుచున్నారు? అందుకై దేశ మెంత వ్యయము చేయుచున్నది? ఆ సొమ్ము ఎవరి జేబునుండి, ఏ ఘడియయందు తీయబడుచున్నది? ఈ మూడవ ప్రశ్న చిన్నదిగ గనబడును గాని తక్కిన రెండింటికిని తాళపుచెవి అదియే.

మొట్టమొదట అమెరికా సంయుక్తరాష్ట్రములను చూతము. వైద్యమునకై అంత సొమ్ము గ్రుమ్మరించు దేశము భూమిపై మఱొకటి లేదు. 2023లో ఆ జాతి యాదాయమున నూటికి 17.6 వంతులు వైద్యమునకే పోయినవి; తలకు 14 వేల డాలర్లకు పైగా వ్యయమైనది. అట్టి దేశమున అదే యేట సగటు ఆయుర్దాయము 78.4 ఏండ్లు. కరోనా మహమ్మారి విజృంభించిన 2021లో నది 76.4కు పడిపోయి యుండెను. అమెరికా వ్యయములో సగమైనను చేయని పెక్కు దేశముల ప్రజలు వారికంటె రెండు మూడేండ్లు, కొన్నియెడల నైదాఱేండ్లు అధికముగ బ్రతుకుచున్నారు. వేయిమంది శిశువులలో అమెరికాలో అయిదారుగురు ఏడాదిలోపల పోవుచుండగా జపానులో ఇద్దరైనను పోవుట లేదు.

ఇందుకు గారణ మేమి? వైద్యశాస్త్రమున అమెరికా వెనుకబడిన దని యెవరును అనజాలరు. క్రొత్త మందులలో ననేకము లచ్చటనే పుట్టుచున్నవి; పుట్టకురుపు చికిత్సలో వారికి సాటి వచ్చువా రరుదు. లోపము శాస్త్రమున లేదు, పంచుటలో నున్నది. అచ్చట వైద్యము కొలువును అంటిపెట్టుకొన్న బీమాతో ముడివడినది. కొలువు పోయిన బీమా పోవును. వృద్ధులకును నిరుపేదలకును 1965లో ప్రభుత్వము కల్పించిన రక్షణయు, 2010 నాటి చట్టమును కొంత మేలు చేసినవి. అయినను 2023లో రెండున్నర కోట్లకు పైగా జనులకు ఏ బీమాయు లేదు. ఒకే శస్త్రచికిత్సకు ఒక్కొక్క ఆసుపత్రి ఒక్కొక్క ధర పలుకును. అచ్చటినుండి సెలవులకు వచ్చు మన బంధువులు హైదరాబాదులోనో విజయవాడలోనో పండ్లు కట్టించుకొని, కండ్లద్దములు చేయించుకొని, పరీక్షలన్నియు ముగించుకొని విమానమెక్కుట మన మెఱుగనిదా? ప్రపంచమున నెల్ల సంపన్నమైన దేశమునుండి వచ్చి మన యూర పన్ను పీకించుకొను వాని స్థితిలో నొక పాఠ మున్నది.

న్యాయమునకై మఱొకమాట చెప్పవలయును. అమెరికావారి యాయుర్దాయము తఱుగుటకు ఆసుపత్రులు మాత్రమే కారణము కావు. 2022లో మత్తుమందులు మితిమీఱి ప్రాణములు విడిచినవారు లక్షకు పైబడిరి. తుపాకిగుండ్లకు బలియైనవారు 48 వేలమందికి పైగా నుండిరి. స్థూలకాయము ఇంటింట నున్నది. నల్లజాతి తల్లులు కాన్పునందు మరణించుట తెల్లజాతి తల్లులకంటె రెండు మూడు రెట్లు అధికము. వీనిలో నేదియు వైద్యుని గదిలో పుట్టిన జబ్బు కాదు. వీధిలో, పనిచోట, బజారులో పుట్టి వైద్యుని గదిలోనికి వచ్చిన జబ్బులివి. ఆసుపత్రి యెంత గొప్పదైనను ఊరి దోషమును తాను తీర్పజాలదు.

ఇంగ్లండువారి మార్గము వేఱు. వారు మనయెడ చేసినది తలచుకొన్నచో కడుపు మండును. కాని తమ ప్రజలకు వారు చేసికొన్న మేలును చూచి నేర్చికొనుటలో మనకు చిన్నతనము లేదు. యుద్ధమధ్యమున, 1942లో, సర్ విలియం బెవరిడ్జి ఒక నివేదికను వ్రాసెను. యుద్ధానంతరమున ఎన్యూరిన్ బెవన్ అను మంత్రి దానికి కాళ్లు చేతులు కల్పించెను. ఆయన వేల్సుదేశపు బొగ్గుగనిపనివాని కుమారుడు. తానును పదుమూడవ యేటనే గనిలోనికి దిగినవాడు. ఆయన పుట్టిన ట్రెడిగర్ పట్టణమున కూలీలు తమ కూలినుండి కొంత కొంత కూడబెట్టి నడుపుకొనిన వైద్యసహాయసంఘ ముండెను. దానినే దేశమంతటికి విస్తరింపజేయుటయే తన యుద్దేశమని యాయన తలచెను. వైద్యసంఘమువారు తొలుత గట్టిగా ప్రతిఘటించిరి. అయినను 1948 జులై 5వ తేదీనాడు జాతీయారోగ్యసేవ యారంభమయ్యెను. ఆనాటి ఇంగ్లండు ధనికదేశము కాదు. అప్పులలో మునిగి, తిండిని కార్డులపై పంచుకొనుచుండిన దేశము. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మరల దీనితో మనకు పని గలదు.

ఆ పద్ధతియొక్క మూలసూత్రము మిక్కిలి సరళమైనది. ఆరోగ్యముగ నున్న దినములలో అందఱును పన్ను కట్టుదురు. జబ్బుపడిన దినమున నెవరును వెల చెల్లింపరు. ప్రతి కుటుంబమునకు నొక వైద్యుడు. ఆయన చూచి పంపినగాని పెద్దాసుపత్రికి పోరాదు. నేడు ఆ సేవ కష్టములలో నున్నది. 2023 సెప్టెంబరున ఇంగ్లండులో చికిత్సకై వేచియున్నవారి పట్టికలో 77 లక్షల చికిత్సలు నిలిచియుండెను. నడుము నొప్పితో నెలల తరబడి వేచియుండుట నరకమే. దానిని మేము దాచము. అయినను వైద్యుని బిల్లు కట్టలేక ఇల్లమ్ముకొనిన కథ అచ్చట వినబడదు. ఆ సేవను నిలబెట్టుచున్నవారిలో మన వైద్యకళాశాలలలో చదివిన తెలుగువారును ఉన్నారు. మన పన్నులతో చదివి పరదేశపు పేదకు సేవచేయుచున్న ఆ బిడ్డలనుగూర్చి గర్వపడవలెనో, విచారపడవలెనో మాకు తోచకున్నది.

ఇంగ్లండు, స్కాట్లండులు మనకు నేర్పు మఱొక పాఠము కలదు. 2008లో ప్రపంచారోగ్యసంస్థ నియమించిన విచారణసంఘము గ్లాస్గో నగర ప్రాంతమునుగూర్చి యొక సంగతి ప్రకటించినది. కాల్టన్ అను పేదల పేటలో మగవారి ఆయుర్దాయము 54 ఏండ్లు. కొలది మైళ్ల దూరమున నున్న లెన్జీ అను కలవారి ప్రాంతమున 82 ఏండ్లు. వైద్యము రెండుచోట్లను ఉచితమే, సేవ ఒక్కటే. ఐనను 28 ఏండ్ల వ్యత్యాసము! వైద్యము సమముగ నున్నంతమాత్రమున బ్రతుకు సమము కాదు. ఇల్లు, పని, తిండి, త్రాగుడు, నిరాశ, ఇవి యెల్ల నాయువును కొలుచుచుండును.

ఇక జపాను. 1947లో ఆ దేశమున మగవారి ఆయుర్దాయము 50 ఏండ్లు, ఆడువారిది 54. నగరములు కాలిపోయి, క్షయ యింటింట కూర్చున్న కాలమది. 2023లో మగవారికి 81, ఆడువారికి 87 ఏండ్లు నిండినవి. ఈ మార్పు మంత్రమువలన కలుగలేదు. 1961 నాటికి దేశమందలి ప్రతి వ్యక్తిని ఏదో యొక బీమాలో చేర్చిరి. ఆసుపత్రులలో నెన్నియో ప్రయివేటువారివే; కాని ప్రతి చికిత్సకును, ప్రతి మందునకును ప్రభుత్వమే యొక ధర నిర్ణయించును. టోక్యోలో నైనను, కొండపల్లెలో నైనను అదే ధర. రెండేండ్ల కొకమాఱు దానిని సవరింతురు. రోగి సామాన్యముగ మూడుపాళ్లు తాను చెల్లించును. అదియు నెలకొక హద్దు మీఱకుండ కట్టుబాటు కలదు. 1951 మొదలు 1980 వఱకు జపానులో మరణములకు మొదటి కారణము పక్షవాతము. ఉప్పుచేపలు, ఉప్పు ఊరగాయలు, ఉప్పు పులుసులు తినుట వారి యలవాటు. ఊరూర రక్తపుపోటు పరీక్షించి, వంటింట ఉప్పు తగ్గింపజేయు ప్రచారము సాగించిరి. పక్షవాతము లొంగినది. ఆవకాయలేని అన్నము ముద్ద దిగని మన తెలుగువారు ఈ కథను రెండుమార్లు చదువదగును.

ఇవన్నియు ధనికదేశముల కథలు, మనకేల యని పాఠకు లడుగవచ్చును. కావున పాల్కు జలసంధిని దాటి సింహళమునకు పోదము. ఈ సంపాదకీయమునకు అదియే నడిబొడ్డు.

1930వ దశకపు తొలియేండ్లలో సింహళద్వీపమున లక్ష కాన్పులకు రెండువేలమందికి పైగా తల్లులు మరణించుచుండిరి. అనగా ఏబది కాన్పుల కొక పాడె. 1934-35లో మలేరియా విజృంభించి దాదాపు 80 వేలమందిని పొట్టనబెట్టుకొనినది. అట్టి ద్వీపమున నేడు లక్ష కాన్పులకు మరణించు తల్లులు ముప్పదికి అటునిటుగ నున్నారు. ఆయుర్దాయము 75 ఏండ్లు దాటినది. 2016లో మలేరియా లేని దేశమని ప్రపంచారోగ్యసంస్థ దానిని ప్రకటించినది. ఈ మార్పు దేశము ధనవంతమైన పిమ్మట వచ్చినది కాదు. పేదయై యుండగనే మొదలైనది.

ఎట్లు వచ్చినది? మూడు దారులు కలిసినవి. మొదటిది ఓటు. 1931లోనే ఆ ద్వీపమున స్త్రీపురుష భేదములేక వయోజనుల కందఱికిని ఓటుహక్కు లభించెను. మనకది గణతంత్రరాజ్యాంగముతోగాని రాలేదు. పల్లె యాడవారి ఓటు కావలసిన నాయకుడు పల్లెకు ప్రసూతిశాల తేక తప్పలేదు. రెండవది చదువు. 1945నుండి కన్నంగర మంత్రి ప్రోత్సాహమున ఉచితవిద్య నెలకొనినది; చదివిన తల్లి బిడ్డ యొడలు కాలినపుడు తాయెత్తుతో ఆగిపోక ఆసుపత్రి త్రోవ పట్టినది. మూడవది దాది. 1926లో కలుతర యను చోట నొక ఆరోగ్యకేంద్రమును స్థాపించి, నిర్ణీతమైన జనసంఖ్య కొక శిక్షణపొందిన దాదిని నియమించు పద్ధతి నారంభించిరి. ఆ దాది తన హద్దులోని ప్రతి గర్భిణి పేరును ఎఱుగును. ఇంటికి పోయి చూచును. అపాయము కనిపించిన వెంటనే పై ఆసుపత్రికి పంపును. నేడు దాదాపు ప్రతి కాన్పును ఆసుపత్రిలోనే జరుగుచున్నది.

వీని కన్నింటికిని మిన్నయైన యాచార మొకటి యచ్చట వేళ్లూనినది. తల్లి యొకతె మరణించినచో ఆ మరణము లెక్కలో నొక యంకెగా కలిసిపోదు. ఏ యింట, ఏ గడియ, ఎవరి యాలస్యమున, ఏ కొఱతవలన పోయెనో విచారింతురు. దోషిని పట్టి శిక్షించుటకు గాదు. మరియొక తల్లి యట్లు పోకుండుటకు. తల్లి చావును విధివ్రాతగాక విచారింపదగిన తప్పిదముగ నెంచిన దినముననే ఆ జాతి మేలుకొన్నదని మా తలంపు.

ఆ ద్వీపమున ప్రభుత్వము వైద్యముపై వ్యయించునది జాతీయాదాయమున నూటికి రెండు వంతులలోపే. మన దేశమున కేంద్రము, రాష్ట్రములు కలిసి 2021-22లో వ్యయించినది నూటికి 1.84 వంతులు. తలసరి యాదాయము వారిది మనకంటె హెచ్చు గావున తలకు వచ్చు సొమ్ము కొంత హెచ్చగుననుట నిజమే. అయినను ఫలితములోని యంతరమును సొమ్ము ఒక్కటియే చెప్పజాలదు. ఎంత పెట్టితిమనుటయేగాక, ఎక్కడ పెట్టితిమనుట కూడ ముఖ్యము. వారిని దేవతలను చేయుట మా యుద్దేశము గాదు. 2022 నాటి యార్థిక సంక్షోభమున ఆసుపత్రులలో మందులు కఱవై, వైద్యులు వలసపోయిరి. డెబ్బదేండ్లు కట్టిన గోడకు రెండేండ్ల దుష్పరిపాలన బీటలు తెచ్చునని కూడ ఆ ద్వీపమే నేర్పుచున్నది.

తాయిలాండునుగూర్చి రెండుమాటలు చాలును. 1972నుండి అచ్చట వైద్యపట్టము పొందిన యువకులు కొంతకాలము పల్లెలలో పనిచేయవలసినదే. 1980వ దశకమున నగరముల యాసుపత్రులకు పెట్టు సొమ్మును తగ్గించి తాలూకా ఆసుపత్రులను నిర్మించిరి. ఇట్లు పునాది వేసిన పిమ్మట 2002లో చట్టము చేసి, ముప్పది బాట్ల రుసుముతో ఏ జబ్బుకైనను వైద్యమను పద్ధతిని దేశమంతట నెలకొల్పిరి. అంతకుముందు వైద్యవ్యయమున మూడవవంతు రోగి జేబునుండి పోవుచుండగా, తరువాత నది పదవవంతునకు దిగినది. ముందు పల్లెలో ఆసుపత్రి, తరువాత బీమా: ఈ వరుసను మనవారు గమనింపవలయును. మనము వరుసను తలక్రిందులు చేసితిమి.

మన యింటి సంగతికి వత్తము. భోర్ సంఘమువారు కట్టకడపటికి ప్రతి పది యిరువదివేలమందికి 75 పడకల ఆసుపత్రి యుండవలెనని కోరిరి. వెల యిచ్చుకొనలేని కారణమున నెవరును వైద్యమునకు దూరము కారాదని సిద్ధాంతము చేసిరి. నేడు మైదానప్రాంతమున 30 వేలమందికొక ప్రాథమికారోగ్యకేంద్రము, అందు నాలుగాఱు పడకలు. ఎనుబదేండ్ల నాటి యాశయ మింకను మనకు ముందే నడచుచున్నది. 2021-22లో మన దేశపు వైద్యవ్యయమున నూటికి 39.4 వంతులు రోగులు తమ జేబులనుండి కట్టినవే. ఎనిమిదేండ్లకు ముందు నది 64 వంతులు. తగ్గినందుకు సంతసింతము. కాని నేటికిని పుస్తెలు తాకట్టుపెట్టి, ఎకరము పొలమమ్మి, నూటికి మూడేసి రూపాయల వడ్డీకి తెచ్చి ఆసుపత్రి గడప త్రొక్కువారు మనలో లేరని యే పాఠకుడు చెప్పగలడు?

ఒకే జెండా క్రింద రెండు లోకము లున్నవి. 2020లో కేరళమున వేయిమంది శిశువులలో ఆఱుగురు పోగా, మధ్యప్రదేశమున 43 మంది పోయిరి. తెలంగాణమున 21, ఆంధ్రప్రదేశమున 24. తల్లుల విషయమున మన రెండు రాష్ట్రములు తలయెత్తుకొని నిలువదగియున్నవి. 2018-20 లెక్కల ప్రకారము లక్ష కాన్పులకు దేశమంతటి సగటు 97 కాగా, ఆంధ్రమున 45, తెలంగాణమున 43. తమిళనాడు కంటెను మన మెఱుగు. ఇది చెప్పుకొనదగిన విషయమే. కాని శిశువుల లెక్కలో అదే తమిళనాడు 13తో మనలను చాలదూరము మించిపోయినది. తల్లిని కాపాడ నేర్చితిమి. బిడ్డను కాపాడుట యింకను పూర్తిగ నేర్వలేదు.

మఱొక లెక్క వినుడు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య విచారణయందు, పల్లెవారు పెద్దాపరేషనని పిలుచు కోతకాన్పులు దేశమంతట నూటికి 21.5 కాగా ఆంధ్రమున 42.4, తెలంగాణమున 60.7 అని తేలినది. ప్రపంచమున మఱెక్కడను లేని వంకర మన స్త్రీల గర్భములకే కలిగినదా? కోత యవసరమైన చోట అది ప్రాణదానము. అవసరములేని చోట అది వ్యాపారము. చేసిన పనికొకటికి ఇంతయని సొమ్ముముట్టు పద్ధతి యున్నచోట పని పెరుగుచునే యుండును. అమెరికా జబ్బు అంటుటకు మనకు అమెరికా ధనము అక్కఱలేకపోయినది! నేరము ఆసుపత్రులదే యని చేతులు కడిగికొనుట కూడ తగదు. శుభముహూర్తము చూచి బిడ్డను కోయించి తీయించుకొను కుటుంబములు మనలో నున్నవి. నొప్పులు పడనేల యని పోరువారున్నారు. కాన్పుగదిలో నొప్పులు పడుచున్న తల్లి చేయిపట్టుకొని ఓపికతో కూర్చుండు దాది లేనపుడు, కత్తి యొక్కటియే తొందరగ తీఱు మార్గముగ తోచుటలో వింతలేదు.

అదే విచారణయందు మఱొక యంకె. పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల లోపు స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రమున నూటికి 58.8, తెలంగాణమున 57.6. అన్నపూర్ణయని పేరొందిన నేల, కృష్ణాగోదావరుల నీరు, కొట్లనిండ ధాన్యము. అయినను వడ్డించి చివర తిను ఇల్లాలి యొంట రక్తము లేదు. దీనికి ఏ ఆసుపత్రి మందు? ముందు భర్తతోబాటు ఆమెకును విస్తరి వేయవలెను. ఆకుకూర, పప్పు, గ్రుడ్డు ఆమె పాలికిని రావలెను. నల్లగొండ ప్రాంతమున ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిపోయిన తరములు మనకండ్ల యెదుట నున్నవి. ఆ జబ్బును మన దేశమున మొట్టమొదట 1937లోనే నాటి నెల్లూరు మండలమున కనిపెట్టి ప్రకటించిరి. వంగిన యెముకను ఏ బీమాపత్రమును నిలుపజాలదు. సకాలమున వచ్చిన మంచినీటి బిందె నిలుపగలదు.

2005లో హైదరాబాదున 108 వాహనములు మొదలైనవి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది. 2018లో కేంద్రప్రభుత్వ మదే దారిని దేశమంతటికి నొక పథకము తెచ్చినది. గుండెకు కోత పడవలసిన పేదబిడ్డకు అవి చేసిన మేలు మఱవరానిది. దానిని తృణీకరించువాడు పేదయింట జబ్బు నెఱుగనివాడు. కాని అట్టి పథకములు ప్రధానముగ ఆసుపత్రి మంచమెక్కిన వానికే యక్కఱకు వచ్చును. మంచమెక్కక పూర్వము రక్తపుపోటునకును చక్కెరకును నెలనెల మ్రింగవలసిన మాత్రలెవరు కొనవలెను? ఊరి కేంద్రమున వైద్యుడు లేనపుడు ఆరెంపీ గది, మందులదుకాణము తప్ప వేఱు దిక్కేది? పదిరూపాయల మాత్ర మానివేసినవాడు పదేండ్లకు పక్షవాతముతో పడును. అపుడు లక్షలు పోసి వానిని చూతుము. కట్ట తెగకమునుపు గంపెడు మన్ను వేయనివాడు, తెగినపిదప బండ్లకొలది రాళ్లు తోలినట్లున్నది మన నేర్పు.

ఇందుకు రెండు ఆక్షేపణలు వచ్చునని మే మెఱుగుదుము. దేశము పేదది, సొమ్మెక్కడిదని మొదటివా రందురు. వారికి 1948 నాటి యింగ్లండును, 1961 నాటి జపానును, 1931 నాటి సింహళమును చూపుదుము. ధనము వచ్చిన తరువాత ఆరోగ్యమనుకొన్న జాతి రెంటికిని చెడును. మన ప్రభుత్వమే 2017లో ప్రకటించిన జాతీయారోగ్యవిధానమున 2025 నాటికి ప్రభుత్వవ్యయమును జాతీయాదాయమున నూటికి 2.5 వంతులకు పెంచుదుమని వ్రాసికొన్నది. మేము క్రొత్తగ గొంతెమ్మ కోర్కెలు కోరుట లేదు. చెల్లింపని బాకీని జ్ఞాపకము చేయుచున్నాము. సర్కారు దవాఖానలు బాగుండవు, జనులే ప్రయివేటునకు పోవుచున్నారని రెండవవా రందురు. ఆ మాటయు నిజమే. కాని కలవారు విడిచిపోయిన దవాఖాన బాగుపడదు. మాట చెల్లుబడియగువారు అచ్చట మంచముపై పడుకొననంతకాలము దుప్పటి మార్చుమని యడుగువా డుండడు. ఇంగ్లండులో మంత్రియు గుమాస్తాయు నొకే పట్టికలో నుండుటచేతనే ఆ సేవను చంపుటకు నెవరికిని ధైర్యము చాలుట లేదు.

కావున మేము కోరునవి పెద్దవి గావు. ప్రతి యుపకేంద్రమునకు శిక్షణపొంది, సామాన్యమైన కాన్పులను తానే నిర్వహింపగల దాది కావలెను. రక్తపుపోటు, చక్కెర మాత్రలు ప్రతి ప్రాథమికకేంద్రమున తప్పక, ఉచితముగ దొరకవలెను. ఏ ఆసుపత్రిలో నూటి కెన్ని కోతకాన్పులో ఏటేట పేరు పేరున ప్రకటింపవలెను. తల్లిగాని, ఏడాదిలోపు బిడ్డగాని పోయిన ప్రతిచోట విచారణజరిపి, వారి పేరు గోప్యముగ నుంచి, కారణమును మాత్రము గ్రామసభలో చదివి వినిపింపవలెను.

ఈ పని చట్టసభలకే వదలిన జరుగదు. ఈ పత్రికను పఠనమందిరమున చేరి చదువు మహాశయులు ఒక సాయంకాలము తమ మండలమందలి ఆరోగ్యకేంద్రమునకు పోయి చూతురుగాక. వైద్యు డెన్నిదినములు వచ్చుచున్నాడు, మందుల బీరువాలో నేమున్నవి, కుళాయినీరు పరీక్షించి ఎన్నాళ్లయినది, క్రిందటి యేడు ఎందఱు శిశువులు పోయిరి: ఈ నాలుగు ప్రశ్నలు వ్రాసికొని పోవుదురుగాక. ఓటడుగ వచ్చిన యభ్యర్థి నివియే యడుగుదురుగాక. సింహళపు తల్లులు ఓటుతో తెచ్చుకొన్నది మన తల్లులు తెచ్చుకొనలేరా?

పిన్నలను దీవించుట మానవద్దు. నూరేండ్లు వర్ధిల్లుమను మాట మన నోట నుండుగాక. కాని దీవించిన చేయి దవాఖాన తలుపు తట్టుట కూడ నేర్వవలయును. లేనిచో ఆ దీవెన మన నాలుకపై మాత్రమే నిలిచి, బిడ్డ యూపిరిలోనికి దిగదు.